జ్ఞానులు ముందా, దేవాలయం ముందా? యేసు జనన వృత్తాంతానికి ఏ వరుస మేలు?

మత్తయి సువార్తలో గొల్లలు లేరు, పశువుల తొట్టి లేదు, దేవాలయంలో సమర్పణ లేదు. లూకా సువార్తలో నక్షత్రం లేదు, దాన్ని చూసి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు లేరు, ఐగుప్తు (ఈజిప్టు) ప్రయాణం లేదు. బేత్లెహేములో పుట్టడం, నజరేతులో పెరగడం, యూదయ రాజు హేరోదు కాలం మాత్రం ఇద్దరూ చెప్పారు. ఈ రెండు కథనాలనూ ఒకే వరుసలోకి తేవాలనుకున్నప్పుడు పెద్ద చిక్కు ఒకచోటే వస్తుంది. జ్ఞానులు వచ్చింది బిడ్డను యెరూషలేము దేవాలయంలో సమర్పించడానికి ముందా, తర్వాతా?

సమర్పణకు లెక్క ఉంది. లేవీయకాండము 12వ అధ్యాయం ప్రకారం మగబిడ్డ పుడితే ఎనిమిదో రోజున సున్నతి, ఆపైన తల్లి శుద్ధికి మరో 33 రోజులు. అంటే మరియ, యోసేపు బిడ్డను ఎత్తుకుని యెరూషలేము వెళ్లింది దాదాపు నలభయ్యో రోజున. బేత్లెహేము నుంచి అది తొమ్మిది కిలోమీటర్ల దూరం, ఒక పూట నడక. జ్ఞానుల రాకకు ఇలాంటి తేదీ ఏదీ లేదు. అందుకే వారిని ముందుకూ వెనక్కూ జరుపుతూ వచ్చారు.

మొదటి పద్ధతి ప్రకారం జ్ఞానులు నలభై రోజుల లోపే వచ్చారు. క్రీ.శ. 400 ప్రాంతంలో క్రైస్తవ పండితుడు అగస్టీను ఇలాగే కూర్చాడు: జ్ఞానులు, ఆ తర్వాత దేవాలయం, ఆ తర్వాత ఐగుప్తు. పండుగల క్రమం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. జనవరి 6న జ్ఞానుల పండుగ, ఫిబ్రవరి 2న సమర్పణ పండుగ. కానీ పండుగల పట్టికను కాలక్రమం అనుకోకూడదు. జ్ఞానులు వెళ్లాక హేరోదు చంపించిన బేత్లెహేము పసివాళ్ల స్మరణ డిసెంబరు 28న వస్తుంది, అంటే జ్ఞానుల కంటే ముందే!

నాకు ఈ వరుస నిలబడదనిపిస్తుంది. కారణం హేరోదు. యూదుల రాజుగా పుట్టినవాడు ఎక్కడని జ్ఞానులు అడిగిన ప్రశ్నకు రాజుతో పాటు యెరూషలేమంతా కలవరపడిందని మత్తయి చెబుతున్నాడు. అలాంటి నగరానికి, రాజు వెతుకుతున్న బిడ్డను ఆ వెంటనే తీసుకెళ్లారా? అక్కడ సుమెయోను అనే భక్తుడు బిడ్డను చేతుల్లోకి తీసుకుని దేవుణ్ణి స్తుతించాడు. అన్న అనే ముసలి ప్రవక్త్రి, విమోచన కోసం ఎదురుచూస్తున్న వారందరితో ఆ బిడ్డ గురించి మాట్లాడింది. ఇవి గుట్టుగా జరిగిన పనులు కావు. పైగా హేరోదు బిడ్డను చంపజూస్తున్నాడని దూత హెచ్చరించగానే యోసేపు రాత్రికి రాత్రే ఐగుప్తుకు బయలుదేరాడు. ఆ కంగారుకూ దేవాలయంలోని నెమ్మదికీ పొంతన కుదరదు.

జ్ఞానులు కానుకగా ఇచ్చిన బంగారం సంగతి కూడా చాలామంది ఎత్తుతారు. గొర్రెపిల్లను తేలేని పేదలే గువ్వల జతను గానీ రెండు పావురపు పిల్లలను గానీ అర్పించాలని ధర్మశాస్త్రం. లూకా చెప్పింది ఆ పేదల అర్పణే. జ్ఞానుల బంగారం అప్పటికే చేతిలో ఉంటే గొర్రెపిల్లనే తెచ్చేవారు కదా అన్నది వాదన. ఇది బాగుంది గానీ బరువంతా దీని మీదే మోపలేం, బంగారాన్ని ప్రయాణానికి దాచి ఉండవచ్చు. హేరోదు వాదనకు తోడుగా మాత్రం పనికొస్తుంది.

రెండో పద్ధతిలో ముందు దేవాలయం, మళ్లీ బేత్లెహేము, అక్కడికి జ్ఞానులు, తర్వాత ఐగుప్తు, చివరికి నజరేతు. జ్ఞానులు వచ్చేసరికి కుటుంబం ఒక ఇంట్లో ఉందని మత్తయి రాశాడు. రెండేళ్లు, అంతకు తక్కువ వయసున్న మగపిల్లలను హేరోదు చంపించాడు. దీన్నిబట్టి బిడ్డకు సరిగ్గా రెండేళ్లని తేల్చలేం, రాజు అనుమానంతో కొంత ఎక్కువే వేసుకుని ఉంటాడు. కానీ నెలల బిడ్డ అయి ఉండడానికి ఇది బాగా సరిపోతుంది.

ఈ వరుసకు ఎదురొచ్చే వచనం లూకా 2:39. ధర్మశాస్త్రం చొప్పున అన్నీ తీర్చాక వారు నజరేతను తమ ఊరికి తిరిగి వెళ్లారంటుంది. మధ్యలో ఐగుప్తుకు చోటేదీ? దీనికి జవాబు లూకా రచనా పద్ధతిలోనే దొరుకుతుంది. ఆయన సువార్త 24వ అధ్యాయం ఒక్కటే చదివితే పునరుత్థానం, ఆరోహణం ఒకే రోజున జరిగాయనిపిస్తుంది. మధ్యలో నలభై రోజులున్నాయని అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో చెప్పింది కూడా ఆయనే. పౌలు దమస్కు నుంచి అరేబియాకు వెళ్లిన సంగతి గలతీయులకు రాసిన పత్రికలో ఉంది, కార్యములలో లేదు. తన కథకు అక్కర్లేని కాలాన్ని దాటేసి ముందుకు వెళ్లడం లూకాకు అలవాటే.

2:39ని అక్షరాలా పాటించాలనుకునేవారు మూడో దారి పడతారు: దేవాలయం నుంచి నజరేతుకు వెళ్లి, సామాను సర్దుకుని, కాపురానికి బేత్లెహేము తిరిగి వచ్చారు. ఇందులో అసాధ్యమేమీ లేదు. కానీ రెండు సువార్తల్లోనూ లేని, వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణాన్ని మనమే చేర్చాలి. ఇంకొందరు జ్ఞానులు నజరేతుకే వెళ్లారంటారు. అలాగైతే బేత్లెహేము పిల్లల మీద పడే కత్తికి దొరకని యోసేపు ఐగుప్తుకు పారిపోవడం దేనికి? తిరిగి వచ్చేటప్పుడు యూదయలో హేరోదు కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడని విని అక్కడికి వెళ్లడానికి భయపడ్డాడంటే, అతని మనసులో ఉన్న ఇల్లు యూదయలోనిదే.

కాలానికి మరో హద్దు కూడా ఉంది. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల మాట. హేరోదు మరణానికి కాస్త ముందు వచ్చిందని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పిన చంద్రగ్రహణాన్ని వారు ఆ ఏడాది మార్చి 13 నాటిదిగా గుర్తిస్తారు. చివరి జబ్బులో రాజు యొర్దాను అవతలి వేడినీటి ఊటలకు వెళ్లి, చివరికి యెరికోలో ప్రాణం విడిచాడు. జ్ఞానులు ఆయన్ను కలిసింది యెరూషలేములో కాబట్టి ఆ జబ్బు ముదరక ముందే వచ్చి ఉండాలి. పుట్టుక క్రీ.పూ. 6 లేదా 5 అనుకుంటే రెండో వరుసలోని సంఘటనలన్నీ ఇరుకు లేకుండా సర్దుకుంటాయి.

ఏ వరుసా తీర్చలేని చిక్కు జనసంఖ్యది, అంటే మరియ, యోసేపు బేత్లెహేముకు రావడానికి కారణంగా లూకా చెప్పిన జనాభా లెక్కలది. రోమా అధిపతి కురేనియు సిరియాలో ఉండగా జరిగిందని లూకా చెప్పే ఆ జనసంఖ్యను జోసీఫస్ క్రీ.శ. 6లో, అర్కెలాయు పదవి పోయాక చూపిస్తాడు. అంటే హేరోదు పోయిన దాదాపు పదేళ్లకు. కురేనియు అంతకుముందే ఒకసారి అధికారిగా ఉన్నాడనే వివరణ ఉంది గానీ దానికి గట్టి ఆధారం కనబడదు. అందుకే రెండు కథనాలనూ అసలు కలపవద్దనే పండితులున్నారు. వారి మాట కొట్టిపారేసేది కాదు. ఐగుప్తు, పసివాళ్ల వధ చెబుతూ మత్తయి, ఐగుప్తులో అలాంటి వధ నుంచే బతికి బయటపడ్డ మోషేను గుర్తుచేస్తున్నాడు. లూకా పేదల అర్పణను, దేవాలయంలోని ముసలివారిని ముందుకు తెస్తున్నాడు. తొందరపడి కలిపేస్తే ఈ రెండూ మసకబారతాయి. కాబట్టి ముందు విడివిడిగా, పూర్తిగా చదవాలి. ఆ తర్వాత కలపాలనుకుంటే రెండో వరుసే మేలు.

సండే స్కూలు పిల్లలతో క్రిస్మస్ నాటకం వేయించేవారికి ఇది పనికొచ్చే విషయమే. గొల్లలను, జ్ఞానులను ఒకే తొట్టి చుట్టూ నిలబెట్టే బదులు, గొల్లలు వెళ్లాక సుమెయోను, అన్నల ఘట్టం ఒకటి పెట్టండి. తర్వాత తొట్టి తీసేసి, ఒక ఇంటి గుమ్మం చూపించి, అప్పుడు జ్ఞానులను రప్పించండి. ఇంకో ఇద్దరు పిల్లలకు వేషాలు కూడా దొరుకుతాయి.