కౌలు కార్డు: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

మాది కోనసీమ. సొంత చెక్క కొంచెం, మిగతాదంతా కౌలు. పథకాలనగానే అందరూ అకౌంట్లో ఎంత పడిందనే అడుగుతారు గానీ, ఆ చేను చేసేది నువ్వేనని గవర్నమెంటు లెక్కలో ఉందా లేదా అన్నదే అసలు సంగతి. దానికే మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు రైతులకి సాగు హక్కు పత్రం ఇస్తున్నారు, మనం కౌలు కార్డంటాం. గడువు 11 నెలలే, ఏటా మళ్లీ తిరగాలి.

కార్డుంటే ఈ-క్రాప్, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో గవర్నమెంటు రాసుకునే లెక్క, మన పేరున ఎక్కుతుంది. అది ఎక్కితే ముంపు నష్టం రాసేటప్పుడు మన పేరే రాస్తారు, ధాన్యం డబ్బులూ మనకే పడతాయి. కార్డు లేని ఏడాది సార్వా (ఖరీఫ్) ధాన్యం ఓనరు గారి పేరున తోలి, "పడ్డాయాండీ?" అని ఫోను చేస్తే "చూసి చెప్తాలేవయ్యా" అనేవారు. ఎరువుల కొట్టువాడు మాత్రం చూసి చెప్పేదాకా ఆగడు కదా!

చిక్కంతా ఓనరు సంతకం దగ్గరే. 2011లో వచ్చిన రుణ అర్హత కార్డుకి ఆ సంతకం అక్కర్లేదు, ఇప్పుడు లేకపోతే కుదరదు. ఈ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని, హక్కు పంట వరకేనని చట్టంలోనే ఉన్నా ఆయనకి భయం పోదు. పైగా పాస్ పుస్తకం మీద బ్యాంకులో పంట రుణం ఆయనే తీసుకుని ఉంటారు, ఇక ఆ సర్వే నంబరు మీద మనకేం ఇస్తారు? కేంద్రం ఏటా ఇచ్చే పీఎం కిసాన్ 6 వేలు కూడా భూమి ఎవరి పేరునుంటే వాళ్లకే.

నా సొంత చెక్కకి 2025 ఆగస్టులో రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి 7 వేలు పడ్డాయి. వద్దనను, కానీ ఒక ఎకరం దమ్ముకీ ఊడ్పుకీ సరి.

గవర్నమెంటు ధాన్యం కొనుగోలు సగం బాగుంది. ఈమధ్య డబ్బులు త్వరగానే పడుతున్నాయి. తేమ 17 శాతం లోపుండాలంటారు, సరే, ఊళ్లో తేమ మిషను 17 చూపించిన ధాన్యమే మిల్లు గేటు దగ్గర 20 ఎలా అవుతుందో ఆ మిల్లువాడికే తెలియాలి. లారీ అక్కడ ఆగిపోయాక తరుగు ఎంతంటే అంతకి ఒప్పుకోక చస్తామా? దీనికి ఏ పార్టీ వచ్చినా మందు కనిపెట్టలేదు. ఊళ్లో రైతు భరోసా కేంద్రం బోర్డు మాత్రం రైతు సేవా కేంద్రమని మారింది.

కార్డు కావాలంటే కౌలు మాట్లాడుకున్న రోజే సంతకం పెట్టించుకోండి. ఊడ్పులయ్యాక అడిగితే ఓనరు ఫోనెత్తరు.