అమార్ఫస్ పొరా, స్ఫటిక పొరా? తిరుపతి ఎండకు కరెంటుతో రంగు మారే కిటికీ

కరెంటు పెడితే లిథియం అయాన్లు దూరి నీలంగా మారే టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొరను కిటికీ గాజు మీద పూస్తారు. అది రెండు రకాలు: పరమాణువులు క్రమం లేకుండా ఉండే అమార్ఫస్ పొర, క్రమంగా పేర్చుకున్న స్ఫటిక పొర. రెండూ ఒకే ద్రావణంతో మొదలవుతాయి. టంగ్‌స్టన్ పొడిని 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో, ఐస్ మీద పెట్టి, కొద్దికొద్దిగా వేస్తూ కరిగించాలి. ఒక్కసారే వేస్తే వేడెక్కి పొంగుతుంది. స్పిన్ కోటింగ్ (గాజును వేగంగా తిప్పి ద్రావణాన్ని పలచగా పరచడం) అయ్యాక దారులు వేరు.

150 డిగ్రీల దగ్గర ఆరబెడితే అమార్ఫస్ పొర. లోపల సందులు ఎక్కువ, లిథియం అయాన్లు త్వరగా దూరతాయి, నీలం చిక్కగా వస్తుంది. ఐటీఓ గాజు (ఇండియం టిన్ ఆక్సైడ్ పూసిన, కరెంటు పారే గాజు) చాలు. చిక్కంతా మన్నికలోనే: తేమ తగిలితే పొర మెల్లగా కరుగుతుంది. కొన్ని అయాన్లు లోపలే ఇరుక్కుని, గాజు మళ్లీ పూర్తిగా తేటపడదు. 2015లో స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు స్థిర కరెంటు పంపి, ఇరుక్కున్న అయాన్లను బయటికి లాగి చూపించారు. ఎంతో గొప్ప ఉపాయం.

450 డిగ్రీల్లో కాలిస్తే స్ఫటిక పొర. ఆ వేడికి ఐటీఓ నిరోధం పెరిగిపోతుంది కాబట్టి ఎఫ్‌టీఓ గాజే (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ పూసినది) వాడాలి. రంగు మారడం నెమ్మది. అయితే రంగెక్కాక సమీప పరారుణ కిరణాలను (కంటికి కనపడని వేడి కిరణాలు) తిప్పికొడుతుంది. ఎండ శక్తిలో దాదాపు సగం వాటిదే. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, పడమటి గోడ కిటికీకి మా ఓటు దీనికే. క్షణాల్లో రంగు మారడం కన్నా ఏసీ భారం తగ్గడం ముఖ్యం.

ఏ పొరైనా ఎలక్ట్రోలైట్ (లిథియం అయాన్లను మోసే ద్రవం) ఒకటే: ప్రొపిలీన్ కార్బొనేట్‌లో 1 మోలార్ లిథియం పెర్‌క్లోరేట్. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. నింపడం, సీలు వేయడం గ్లవ్ బాక్స్‌లోనే (బయటి గాలి, తేమ చొరని పెట్టె) జరగాలి. నీరు చేరితే బుడగలొస్తాయి.