ఏళ్ల తరబడి ‘పరి’ చదివాక

పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, పొట్టిగా ‘పరి’. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టిన ఈ వెబ్‌సైటును ఏళ్లుగా వదలకుండా చదువుతున్నాను. చందా లేదు, ప్రకటనలు లేవు, విరాళాల మీద నడుస్తుంది. పల్లె జనం, వాళ్ల పని, వాళ్ల గోడు. తెలుగులోనూ వస్తుంది.

ముందుగా ఉప్పాడ కథనం గురించి చెప్పాలి. సముద్రం కోసేస్తున్న ఆ ఊరు తుపాను వచ్చినప్పుడల్లా టీవీలో కనిపిస్తుంది. ఎగిసిపడే అలలు, తడుస్తూ అరిచే రిపోర్టరు, మర్నాటికి ఇంకో వార్త. ‘పరి’ కథనంలో పాత ఇల్లేదని అడిగితే అదిప్పుడు సముద్రంలో ఉందంటారు. ఒక కుటుంబం పోగొట్టుకున్న ఇళ్లను తలుచుకుంటుంటే తీరం ఎంత వెనక్కి జరిగిందో మనకే అర్థమవుతుంది. అనంతపురం జిల్లా దర్గాహొన్నూరు పొలాల్లో ఇసుక మేటల మీద రాసిందీ అంతే. కరువు అని ఒక్క మాటతో తేల్చెయ్యలేదు. చెట్లు పోవడం, ఏటేటా వేరుశనగే వేయడం, బోర్ల మీద బోర్లు దించడం, అన్నీ ఒకచోట పెట్టి చూపించారు.

నాకు దీని విలువ బాగా తెలిసింది మాత్రం లెక్కల దగ్గర. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2013లో ఆత్మహత్య చేసుకున్న రైతులు 11,772 మంది. 2014కి ఆ అంకె 5,650. సగానికి సగం! నిజానికి ఆ ఏడాది వ్యవసాయ కూలీలను విడిగా చూపించడం మొదలైంది. రెండు గడులూ కలిపితే 12,360. కొన్ని రాష్ట్రాల్లో, ఏ వృత్తి కిందా చేర్చని ‘ఇతరులు’ గడి ఎలా ఉబ్బిపోయిందో సాయినాథ్ ఆ పట్టికలు విప్పి మరీ రాశారు. ఆ పని ఎవరూ చేయకపోతే ఆత్మహత్యలు సగమయ్యాయని ఏ మంత్రి అయినా సభలో నిలబడి చెప్పుకోవచ్చు. ఎదురు ప్రశ్న వేయడానికి ప్రతిపక్షం చేతిలో కాగితం ఉండదు, ఓటరు ఆ అంకెనే నమ్మి ఓటేస్తాడు. స్వతంత్ర మీడియా లేకపోతే ప్రజాస్వామ్యానికి జరిగే నష్టం ఇంత సూటిగా ఉంటుంది.

మన దగ్గర ఏ పేపరు ఎవరి కొమ్ము కాస్తుందో చదివేవాడికి ముందే తెలుసు. ఒకే గ్రామసభ గురించి రెండు పేపర్లు తిరగేస్తే రెండు వేర్వేరు ఊళ్ల సంగతి చదివినట్టుంటుంది. ప్రభుత్వం మారితే ఫుల్‌పేజీ ప్రకటనలు ఎటు మళ్లుతాయో కూడా చూస్తూనే ఉన్నాం. ప్రకటనల మీద బతికే పేపరుకి కౌలు రైతు కొనుగోలుదారు కాడు, కాబట్టి చనిపోతే తప్ప వార్త కాడు.

రోజువారీ వార్తలకైతే ‘పరి’ కాదు. నిన్న అసెంబ్లీలో ఏమైందో ఇక్కడ దొరకదు, పొద్దున్నే పేపరు ఉండాల్సిందే. కథనాలు పొడవు, తీరిగ్గా కూర్చుని చదవాలి. పిల్లలకు సోషల్ చెప్పే మాస్టార్లకైతే గట్టిగా చెబుతాను, పాఠ్యపుస్తకం పక్కన ఇది పెట్టుకోండి.

నాకున్న కొరత ఒకటే. ఇలాంటిది జిల్లా స్థాయిలో తెలుగులోనే పుట్టాలి. ఉపాధి హామీ మస్టర్ల దగ్గర్నుంచి ఇసుక రీచ్‌ల దాకా, ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఒకేలా అడగాలి. ఎవరైనా నడపడానికి పూనుకుంటే నెలనెలా చందా కట్టడానికి నేను సిద్ధం.