మాట లేదు, సైగ లేదు: ‘ఆశా జావార్ మాఝే’ మళ్లీ మళ్లీ చూశాక

బెంగాలీ దర్శకుడు ఆదిత్య విక్రమ్ సేన్‌గుప్తా మొదటి సినిమా ఇది. 2014లో వచ్చింది. నిడివి 84 నిమిషాలు. కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. కలకత్తాలో ఒక భార్యాభర్తలు. ఆమె పగలు హ్యాండ్‌బ్యాగుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, అతను రాత్రి ప్రింటింగ్ ప్రెస్సులో. ఆమె ఇల్లు చేరేసరికి అతను వెళ్లిపోయి ఉంటాడు. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండేది తెల్లవారాక కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ నిమిషాల కోసం మిగతా రోజంతా ఎలా గడిచిందన్నదే సినిమా. ఇద్దరి నోటా ఒక్క మాట రాదు.

మాటల్లేని సినిమా అనగానే మనవాళ్లకు సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ గుర్తొస్తుంది. ఆ అలవాటుతో కూర్చుంటే ఇక్కడ నిరాశ తప్పదు. అక్కడ మాట లేకపోయినా సైగ ఉంది, చూపు ఉంది, అవతల దాన్ని అందుకునే మనిషి ఉన్నాడు. ఇక్కడ సైగ చేద్దామన్నా ఎదురుగా ఎవరూ లేరు. అందుకే ప్రేమంతా వస్తువుల్లోకి వెళ్లిపోయింది. మూతపెట్టిన అన్నం, ఉతికి ఆరేసిన బట్టలు, బజారు నుంచి తెచ్చిన చేప. ఒకరు చేసి వదిలేసిన పనిని ఇంకొకరు వచ్చి అందుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు ఇవన్నీ ఖాళీగా సాగే ఇంటిపనుల్లా కనిపిస్తాయి. రెండోసారి ఏ పని ఎవరి కోసమో తెలిసి చూస్తాం కాబట్టి అవే ఉత్తరాల్లా చదువుకోవచ్చు. ఈ సినిమాకి మొదటిసారి చూసి మార్కులు వేయడం అన్యాయమని గట్టిగా నమ్ముతున్నాను.

వంట దృశ్యం ఒక్కటి చాలు. ఆమె పొయ్యి వెలిగించి మూకుడు పెడుతుంది. లోపల ఇంకా కడిగిన తడి ఉంది. ఆ నీటి చుక్కలు వేడికి వణికి, చిన్నవై, ఆవిరైపోయేదాకా కెమెరా అక్కడే ఉంటుంది. వేరే దర్శకుడైతే నూనె చిటపట నుంచి మొదలుపెట్టేవాడు. తడి ఆరకుండా నూనె పోస్తే చిందుతుందని వంట చేసేవాళ్లందరికీ తెలుసు, కాబట్టి ఆగాల్సిందే. అలా ఆగడం ఆమెకు రోజూ ఉండే పనే. మనల్ని కూడా ఆమెతో పాటు అంతసేపూ ఆపాడు. ‘నిదానం’ అని ఈ సినిమాని తీసిపారేసేవాళ్లు సరిగ్గా ఈ చోటే ముందుకు జరిపేస్తారు. ఇక్కడ జరిపేస్తే చివరి పది నిమిషాలకు బలం ఉండదు.

ఆ చివర్లోనే వస్తుంది అడవి. ఇంకా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. అతను డ్యూటీ దిగి వస్తాడు, ఆమె బయల్దేరాలి. ఆ కాస్త వ్యవధిలో గది గోడలు లేకుండా పోతాయి. రంగులు పోయి తెర నలుపు తెలుపవుతుంది. పొగమంచు పట్టిన చెట్ల మధ్య వాళ్ల మంచం ఉంటుంది, అక్కడ కలుసుకుంటారు. అది కలో, జ్ఞాపకమో, కోరికో సినిమా తేల్చి చెప్పదు. చెప్పకపోవడమే నయం. అప్పటిదాకా ప్రతి ఫ్రేములోనూ ఏదో అడ్డం ఉంది: తలుపు చెక్క, కిటికీ ఊచ, ఇరుకు సందు, ఎదురింటి గోడ. అన్నిటికంటే పెద్ద అడ్డం గడియారం. అడవిలో ఇవేవీ లేవు. ఉన్న కాసిని నిమిషాలూ వాళ్లకు ఎంత విశాలంగా అనిపిస్తాయో చూపడానికి ఇంతకంటే సూటైన దారి నాకు తోచదు. వాస్తవానికి ఇంత కట్టుబడి నడిచిన సినిమా కాబట్టే ఆ ఒక్క వింత దృశ్యాన్ని నమ్ముతాం. మొదటి నుంచీ కలలే పెట్టి ఉంటే ఇది ఇంకో అందమైన షాట్‌గా మిగిలేది.

దీనికి ప్రేరణ ఇటాలో కాల్వినో రాసిన ఒక ఇటాలియన్ కథ. అందులోనూ భర్త నైట్ షిఫ్ట్, భార్య పగటి డ్యూటీ. ఒకరు లేచి వెళ్లాక మంచం మీద మిగిలిన వెచ్చదనాన్ని ఇంకొకరు వెతుక్కుంటారు. కథలో దంపతులు మాట్లాడుకుంటారు, చిన్నచిన్నగా కసురుకుంటారు కూడా. సినిమా ఆ మాటల్ని తీసేసి, ఆర్థిక మాంద్యం కాలపు కలకత్తాని చుట్టూ పెట్టింది. ఉద్యోగాలు పోతున్నాయన్న ఉపన్యాసాలు, నినాదాలు శబ్దంగా వినిపిస్తాయి. సబ్‌టైటిల్స్ అక్కర్లేని సినిమా అని చాలామంది వాటిని ఆపేస్తారు. ఆపొద్దు. బెంగాలీ రానివాళ్లకి ఆ ప్రసంగాల సారం తెలియకపోతే, వీళ్లిద్దరూ ఈ షిఫ్టులు ఎందుకు మార్చుకోలేరో అర్థం కాదు. ఇద్దరిలో ఎవరి ఉద్యోగమూ వదులుకునే రోజులు కావవి.

ఇక చూసే విధానం గురించి. ఈ సినిమాని సగం నడిపేది శబ్దమే. సౌండ్ డిజైనర్ అనీశ్ జాన్‌కి 62వ జాతీయ అవార్డుల్లో బహుమతి వచ్చింది. దర్శకుడికి అదే ఏడాది తొలి చిత్రానికిచ్చే ఇందిరా గాంధీ అవార్డు వచ్చింది. ట్రామ్ గంట, సైకిల్ చప్పుడు, పక్కింటి రేడియో, గీతా దత్ గొంతులో పాత బెంగాలీ పాట అన్నీ వేరువేరు దూరాల నుంచి వస్తాయి. ఆ దూరం తెలిస్తేనే ఇల్లు ఎంత ఒంటరిగా ఉందో తెలుస్తుంది. టీవీల్లో మాటలు స్పష్టంగా వినిపించడానికి ఒక సెట్టింగు, హెచ్చుతగ్గులు లేకుండా వాల్యూమ్‌ని సమం చేయడానికి ఇంకో సెట్టింగు ఉంటాయి. రెండూ ఆపేయాలి. మొదటిది లేని మాటల కోసం వెతుకుతూ మిగతా శబ్దాన్ని పాడుచేస్తుంది. రెండోది దూరపు రేడియోనీ దగ్గరి మూకుడునీ ఒకే ఎత్తుకి తెచ్చేస్తుంది. ఫోన్ స్పీకర్‌లో అసలు వద్దు. హెడ్‌ఫోన్స్ ఉంటే హాయి.

బొమ్మ విషయానికొస్తే, సాయంత్రపు గదులూ రాత్రి సందులూ బాగా చీకటిగా ఉంటాయి. మహేంద్ర శెట్టితో కలిసి దర్శకుడే కెమెరా పట్టాడు. గోడల పెచ్చులు, తడిసిన నేల, మసక బల్బు కిందే కథంతా. ట్యూబ్‌లైటు వెలుగుతుండగా చూస్తే సగం ఫ్రేము కనపడదు. కనపడటం లేదని బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదరంగులోకి దిగిపోయి అడవి దృశ్యం తేలిపోతుంది. గదిలో లైటు ఆర్పేయడమే మందు. టీవీలో కదలికల్ని నున్నగా చేసే సెట్టింగు కూడా తీసేయండి, నిలకడ షాట్లు సీరియల్‌లా కనిపించకుండా ఉంటాయి. మధ్యలో విరామం ఇవ్వకండి. అందరితో కలిసి చూస్తుంటే మొదటి ఇరవై నిమిషాలు గండం. కథ మొదలవలేదని ఎవరో ఒకరు మాట్లాడటం మొదలుపెడతారు. ‘ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఏ వస్తువు ఎవరు పెట్టారో గమనించండి’ అని ముందే చెబితే చాలు.

లోపాలు లేవని కాదు. పేదరికం మరీ అందంగా పడింది. గోడమీద బూజు కూడా చిత్రకారుడు వేసినట్టుంటుంది, అద్దె కట్టాల్సినవాళ్ల ఇంట్లో ఉండే మురికి, చిరాకు దాదాపు కనపడవు. పాత పాటల మోహం కొన్నిచోట్ల ఎక్కువై, వీళ్లు ఏ దశాబ్దపు మనుషులో తికమక పుడుతుంది. మాంద్యం శబ్దంగానే ఉండిపోయింది, వాళ్ల ఫ్యాక్టరీలోకీ ప్రెస్సులోకీ ఇంకాస్త చొరబడాల్సింది. అయినా రిత్విక్ చక్రవర్తి, బాసబదత్తా ఛటర్జీ ఈ లోటు చాలావరకు పూడ్చారు. ఎదురుగా తోడు నటులు లేకుండా, మాట సాయం లేకుండా, బట్టలు ఆరేయడంలో కూడా ఒకరి మీద ఒకరికున్న శ్రద్ధని చూపించారు. ముఖ్యంగా రిత్విక్ అలసట. రాత్రంతా నిలబడి పనిచేసినవాడు మెట్లెక్కే తీరు నటించినట్టే ఉండదు.

ఇది నచ్చితే ఇదే దర్శకుడి 2018 సినిమా ‘జొనాకి’ ఉంది. కోమాలో ఉన్న 80 ఏళ్ల వృద్ధురాలు తన గతంలో ప్రేమని వెతుక్కుంటుంది. లలితా ఛటర్జీ, జిమ్ సర్బ్ నటించారు. అక్కడ పూర్తిగా అడవి దృశ్యపు లోకమే, పట్టుకోవడానికి వంటిల్లు లేదు. అందుకే దాంతో మొదలుపెట్టొద్దు. ముందు ఇది చూడండి, కొన్నాళ్లాగి ఇంకోసారి చూడండి, ఆ తర్వాత అది.