పాత పికప్‌కి ‘కంప్లీట్ సస్పెన్షన్ కిట్’ కొంటున్నారా? నాలా మునగకండి

“మీ బండే పాతది కదా సార్, దానికి కమాన్లు మాత్రం కొత్తవి కావాలా?”

ఈ మాట అన్నదెవరో మీకు పేరు పెట్టి చెప్పక్కర్లేదు. పాత పికప్‌ల వీడియోలు చూసేవాళ్లందరికీ తెలుసాయన. డ్యాష్‌బోర్డు మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టి, బండిని స్పీడ్ బ్రేకర్ ఎక్కించి, “చుక్క ఒలికిందా చూడండి” అంటాడే, ఆయనే. నీళ్లు ఒలకలేదు. నా డబ్బే ఒలికింది.

అరగంట క్రితం ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

వెనక కథ గబగబా చెప్పేస్తాను. నా పికప్‌కి ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కమాన్‌కట్టలు (వంపు తిరిగిన ఉక్కు పట్టీలని ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు). ఖాళీగా వెళ్తే గతుకుల్లో వెనక భాగం గెంతుతుంది. మలుపులో ఒరుగుతుంది. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్‌ని అటూ ఇటూ సర్దుతూనే ఉండాలి. పాత పికప్ నడిపే ప్రతివాడికీ ఉన్న గోలే ఇది. ఆ వీడియోలాయన అమ్మే కిట్‌లో నాలుగు గ్యాస్ షాక్ అబ్జార్బర్లు, రెండు కమాన్‌కట్టలు, బుష్‌లు, షాకిళ్లు (కట్ట వెనక కొసని ఛాసిస్‌కి కలిపే కదిలే లింకులు), యూ బోల్టులు (కట్టని యాక్సిల్‌కి, అంటే ఇరుసుకి బిగించేవి). వేసుకుంటే కారులా నడుస్తుందన్నారు. డబ్బు మొత్తం ముందే కట్టాలన్నారు. కట్టాను.

‘అన్ని పాత పికప్‌లకూ సరిపోతుంది’ అని రాసి ఉంది. అసలు ఆ ఒక్క ముక్క దగ్గరే నేను ఆగాల్సింది. షెవర్లే సీ10 అనే అమెరికన్ పికప్‌నే ఉదాహరణకి చూడండి. 1967 నుంచి 1972 దాకా వచ్చినవాటిలో ఎక్కువ బళ్లకి వెనక కాయిల్ స్ప్రింగులే. 1973 మోడల్ నుంచి కమాన్లు. అమెరికాలో అమ్మిన టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లకి 1985 దాకా ముందు కూడా కమాన్లే ఉండేవి, 1986 నుంచి టార్షన్ బార్లు వచ్చాయి. ఒకే పేరున్న బండికే ఏడాది మారితే అడుగు భాగమంతా మారిపోతుంటే, అన్నిటికీ సరిపోయే కిట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇవన్నీ నాకు తెలుసు. ఇలాంటివి చదవడమే నా పిచ్చి. అయినా కొన్నాను. తెలివి బుర్రలో ఉంటే సరిపోదు, డబ్బు కట్టేటప్పుడు వేలిదాకా రావాలి కదా.

పెట్టె వచ్చింది. విప్పగానే గుప్పుమని రంగు వాసన. కమాన్‌కట్ట పట్టుకుంటే వేళ్లకి కాస్త జిగురుగా తగిలింది. నల్లగా నిగనిగలాడుతోంది, చూడముచ్చటగా ఉంది. బావమరిది కింద కూర్చుని, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తలకాయ చూసి, “బావా, దీనికి తుప్పు పట్టినట్టుందే” అన్నాడు. నేనేమన్నానో తెలుసా? “దారిలో వానకి తడిసి ఉంటుందిలేరా” అన్నాను. వానకి తడిస్తే రంగు పైన పట్టాలి గానీ రంగు కింద తుప్పు ఎలా పడుతుంది? పదో తరగతి చదివే పిల్లాడికి వచ్చిన అనుమానం నాకు రాలేదు.

ఇంకో గొప్ప పని కూడా చేశాను. నా బండికున్న పాత కమాన్లని ఆ సాయంత్రమే పాత ఇనుముకి వేసేశాను. ఈపాటికి వాటికీ నల్లరంగు పడి, ఇంకెవరింటికో కొత్త కిట్‌గా బయల్దేరి ఉంటాయి.

ఇద్దరం కలిసి రెండు రోజుల్లో బిగించాం. మొదటి మూడు రోజులు బండి వెనక నుంచి భలే ఎత్తుగా, బిగువుగా ఉంది. నలుగురికీ ఫొటోలు పంపాను (అవి ఇప్పుడు ఎవరూ చూడకపోతే బాగుండు). వారం దాటేసరికి ఎడమ పక్క దిగినట్టు అనిపించింది. పదకొండో రోజు టేపు పెట్టి చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలిచాను. కుడి కంటే ఎడమ 4 సెంటీమీటర్లు తక్కువ. చూపుకి బాగోకపోవడం ఒక్కటే అయితే భరించేవాణ్ణి. కమాన్‌కట్ట ముందు చివర ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, కదిలేది వెనకున్న షాకిలే. వంపు పోయి పట్టీ చదునైతే ఆ పక్క యాక్సిల్ కాస్త వెనక్కి జరుగుతుంది. అంటే వెనక చక్రాలు తిన్నగా లేకుండా కొంచెం ఏటవాలుగా నిలబడతాయి. మర్నాడు మలుపులో ఒక గతుకు తగిలి వెనక భాగం పక్కకి గెంతింది. కింద ఎక్కడో టక్‌మని చప్పుడు. పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

బండిని మా మెకానిక్ దగ్గరికి తోలాను. ఈ పెద్దాయన దగ్గరికి ముందే వెళ్లకుండా వీడియోలు నమ్మినందుకు సిగ్గుపడుతూనే వెళ్లాను. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు కట్ట విప్పి కింద పరిచాడు. విరిగిన హాక్సా బ్లేడు ముక్క తీసుకుని పట్టీ అంచున గీకాడు. నల్లరంగు పొరలా లేచింది. దాని కింద ఎర్రటి తుప్పు. ఇంకా గీకితే ఇనుములో చిన్నచిన్న గుంటలు. పట్టీ అడుగు తిప్పి చూపించాడు. అక్కడ వేలు పెడితే తెలిసేంత లోతున గాడి. కింది పొట్టి పట్టీ కొస ఏళ్ల తరబడి ఒరుసుకుని పడ్డ గాడి అది. కొత్త పట్టీకి ఆ గాడి ఉండనే ఉండదు. దాని మీద కూడా శుభ్రంగా రంగు వేశారు, పాపం, పనిలో లోటు చేయలేదు.

ఎక్కడో పాత బండి నుంచి ఊడదీసిన, చదునైపోయిన పట్టీలని వేడి కూడా చేయకుండా సుత్తితో కొట్టి వంపు తెచ్చారట. సరిగ్గా కాల్చి, గట్టిపరచకుండా అలా కొట్టిన పట్టీ బరువు పడగానే మళ్లీ పాత రూపానికి పోతుందని పెద్దాయన చెప్పారు. సెంటర్ బోల్టు రంధ్రం పక్క నుంచి ఎడమ కట్ట మెయిన్ పట్టీకి (అన్నిటికంటే పొడుగ్గా పైన ఉండేదానికి) వెంట్రుకంత బీట ఉంది. మెయిన్ పట్టీ విరిగితే ఆ పక్క యాక్సిల్ పట్టు తప్పి జరిగిపోవచ్చు. ఆ టక్‌మనే చప్పుడు గుర్తొచ్చి నాకు కాళ్లలో వణుకు వచ్చింది.

తర్వాత షాకులు. గ్యాస్ షాక్‌ని లోపలికి నొక్కి వదిలితే, లోపలున్న గ్యాస్ ఒత్తిడికి రాడ్డు దానంతటదే మెల్లగా బయటికి వస్తుంది. గ్యాస్ లేని మామూలు ఆయిల్ షాక్ అయితే రాదు, అది దాని తప్పు కాదు. కానీ నాకు అమ్మింది గ్యాస్ షాకులని, స్టిక్కర్ మీద కూడా అదే ఉంది. కుర్రాడు ఒకదాన్ని నొక్కి వదిలాడు. లోపలే కూర్చుంది. నాలుగూ నొక్కాం. నాలుగూ అంతే. ఒకదాని సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ కూడా కనిపించింది.

ఇక ఫోన్. కిట్ అమ్మినాయనకి ఫొటోలు, వీడియో పంపి, స్పీకర్ పెట్టి మరీ చేశాను, అందరూ వినాలని. మొదట చాలా మర్యాదగా మాట్లాడారు. “సార్, మీరు బిగించేశారు కదా, బిగించిన సరుకు వెనక్కి తీసుకోం.” నేనన్నాను, బిగించకుండా ఎలా తెలుస్తుంది, కొత్తవని రాసి పాతవి పంపారు కదా, మెయిన్ పట్టీ బీట తీసింది, ఇంట్లోవాళ్లతో వెళ్తున్నాం అని. అవతల పక్కన ఎవరితోనో ఏదో అని నవ్వారు. తర్వాత నాతో ఆ మాట. “మీ బండే పాతది కదా సార్, దానికి కమాన్లు మాత్రం కొత్తవి కావాలా?”

ఇద్దరు ముగ్గురు నవ్విన చప్పుడు వినిపించింది. మా మెకానిక్ స్పానర్ పక్కన పెట్టి నా మొహం వైపు చూడకుండా చేతులు తుడుచుకుంటున్నారు. కుర్రాడు తల దించుకున్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే తిట్లు ఒకటి వెనక ఒకటి గుర్తొస్తున్నాయి, అప్పుడు మాత్రం “సరే అండీ” అని పెట్టేశాను. సరే అండీ! పోయిన డబ్బు కంటే ఈ ‘అండీ’యే ఎక్కువ బాధగా ఉంది.

అసలు చెంపదెబ్బ దాని తర్వాత పడింది. పెద్దాయన ముందు చక్రాలు పైకి లేపి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపారు. స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కీళ్లు అరిగాయి: టై రాడ్ ఎండ్‌లో వదులు, ఐడ్లర్ ఆర్మ్‌లో అంతకంటే ఎక్కువ వదులు. “బాబూ, స్టీరింగ్ అటూ ఇటూ పోయేది ఇందుకు. షాకులు మారిస్తే ఇది ఎలా పోతుందనుకున్నావు?” అన్నారు. తర్వాత వెనక టైర్ల గాలి చూసి నవ్వారు. నిండు లోడుకి పట్టించాల్సిన గాలితో నేను ఎప్పుడూ ఖాళీ బండి తిప్పుతున్నానట. డోర్ దగ్గరున్న స్టిక్కర్ చూసి, ఖాళీ బండికి రాసినంతకి తగ్గించమన్నారు. వెనక గెంతేదాంట్లో సగం గాలిదేనట. గాలి తీయడానికి పైసా ఖర్చు కాదు. నేను దానికి కిట్ కొన్నాను.

కొనేవాళ్లకి నాలుగు ముక్కలు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. బిగించక ముందే కమాన్ పట్టీ అంచున రంగు గీకి చూడండి, రెండు కట్టల వంపూ పక్కపక్కన పెట్టి కొలవండి, గ్యాస్ షాక్ అని అమ్మితే నొక్కి వదలండి. యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, మళ్లీ వాడకూడదు. నా కిట్‌లో వచ్చిన వాటి మరల్లో పాత గ్రీజు మట్టి ఇరుక్కుని ఉంది, దాని మీద కూడా రంగే. ‘ఎలైన్‌మెంట్ అక్కర్లేదు’ అన్నవాడి దగ్గర అసలు కొనకండి. బండి ముందు భాగం ఎత్తు మారితే చక్రాల కోణాలు మారతాయి, ఎలైన్‌మెంట్ చేయించి తీరాలి. టార్షన్ బార్ బోల్టు తిప్పి బండి పైకి లేపితే స్ప్రింగ్ గట్టిపడుతుందని కూడా ఆ వీడియోల్లో చెప్తుంటారు. గట్టిపడదు, ఎత్తు ఒక్కటే మారుతుంది. కొత్త కమాన్లు సరైనవేనని తేలేదాకా పాతవి పారేయొద్దు, ఇది మాత్రం నాకు నేను చెప్పుకుంటున్నాను.

బండి ఇప్పుడు మెకానిక్ దగ్గర స్టాండ్ల మీద ఉంది, వెనక చక్రాలు లేకుండా. ఆ కిట్ అమ్మినాయన వీడియో కింద ఇదంతా రాశాను. పది నిమిషాల్లో తీసేశారు, నన్ను బ్లాక్ కూడా చేశారు. బావమరిది ఫోన్‌లో చూశాను. ఇవాళే కొత్త వీడియో పెట్టారు. అదే గ్లాసు.