అవ్వకు వీడియో డాక్టర్: ఇంట్లో ఫోన్‌లోనా, పల్లె దవాఖానలోనా?

నర్సంపేట దిక్కు ఊళ్ల నుంచి బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లను వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలంటే ఒక రోజంతా పోతుంది, వెంట పోయే కొడుకుకో కోడలికో ఆ రోజు కూలీ పోతుంది, ఇక పత్తి ఏరే రోజుల్లో అయితే "పత్తి అయినంక చూద్దాం తియ్" అని అవ్వే ఆపేస్తుంది. అందుకే వీడియోలో డాక్టర్‌కు చూపించుకునే ఈ-సంజీవని మా దిక్కు ఊళ్లకు చాలా అవసరం. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, తయారు చేసింది మొహాలీలోని సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ.

దీంట్లో రెండు దారులున్నాయి. ఒకటి, 2020లో కరోనా లాక్‌డౌన్ అప్పుడు వచ్చింది, ఇంట్లోంచే ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడొచ్చు. రెండోది, ఊళ్లోని సెంటర్‌కు, అంటే పల్లె దవాఖానకు పోతే అక్కడి సిస్టర్ పెద్ద దవాఖానలో ఉన్న డాక్టర్‌ను లైన్‌లోకి తెచ్చి మన పక్కనే ఉంటుంది.

అరవై దాటినవాళ్లకు రెండోదే మేలని నా గట్టి నమ్మకం.

ఇంటి దారిలో ముందు ఓటీపీ కావాలి. ఫోన్ కొడుకుది, అతను చేనులో ఉంటాడు. ఫోన్ ఇంట్లో ఉందే అనుకోండి, మెసేజ్ తెరిచి, అంకెలు గుర్తుపెట్టుకుని, మళ్లీ యాప్‌లోకి వచ్చి కొట్టాలి, చుక్కల మందు వేసుకునే కళ్లకు ఆ అంకెలు ఆనేలోపే టైమ్ అయిపోతుంది. ఎలాగో లోపలికి పోయినా వరుస వచ్చేదాకా తెర ముందే కూర్చోవాలి, మధ్యలో సిగ్నల్ పోతే అదొక టెన్షన్. చివరికి డాక్టర్ కనిపించి "బీపీ ఎంతుంది?" అని అడిగితే ఇంట్లో మిషన్ ఎక్కడిది?

సెంటర్‌లో అవ్వ చేసేదల్లా చెయ్యి చాపడమే. సిస్టర్ పట్టీ కట్టి బీపీ చూస్తుంది, వేలు గుచ్చి షుగర్ చూస్తుంది, ఆ అంకెలు డాక్టర్‌కు చెప్తుంది, డాక్టర్ అన్నది అవ్వకు మళ్లీ అర్థమయ్యేటట్టు చెప్తుంది. గోలీలు ఉంటే అక్కడే చేతిలో పెడుతుంది. ఇంట్లో అయితే వచ్చేది ఫోన్‌లో చీటీ మాత్రమే, అది పట్టుకుని మళ్లీ మెడికల్ షాప్ వెతకాలి.

అలాగని ఇంటి దారిని కొట్టిపారేయను. తెల్లబట్ట సమస్యో, మనసు బాగుండకపోవడమో ఉన్న ఆడపిల్ల ఇరుగుపొరుగు కూర్చున్న సెంటర్‌లో నోరు విప్పదు, ఆమెకు తలుపు వేసుకుని మాట్లాడుకునే ఫోనే మేలు. ఇక 2020 టెలిమెడిసిన్ (ఫోన్‌లో, వీడియోలో చేసే వైద్యం) మార్గదర్శకాల ప్రకారం రోగి తానే ఫోన్ చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క, ఆరోగ్య కార్యకర్త కలిపితే మాత్రం రోగిని అడిగి స్పష్టంగా ఒప్పుకోలు తీసుకోవాలి. సెంటర్‌లో రద్దీ ఉన్నా ఆ ఒక్క మాట అడగడం మానొద్దు.

సెంటర్ దారి బరువంతా సిస్టర్ మీద పడుతుంది, యాప్ తయారు చేసేవాళ్లు ఆమెను కూడా గుర్తుపెట్టుకోవాలి. అవే వివరాలు రిజిస్టర్‌లో ఒకసారి, యాప్‌లో ఒకసారి రాయాల్సి వస్తే ఆమె చూపు అవ్వ మీద ఉండదు. ఒక్కసారి ఎక్కిస్తే అన్నిచోట్లకూ పోవాలి, నెట్ లేకపోయినా సేవ్ కావాలి. గదిలో కూర్చుని కాదు, ములుగు అడవి ఊళ్లలో సిస్టర్ పక్కన కొన్ని రోజులు కూర్చుని చూసి చెయ్యాల్సిన పని అది.

మీ ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుపోయేటప్పుడు పాత చీటీ, ఇప్పుడు మింగుతున్న గోలీల అట్టలు వెంట పెట్టుకోండి. సిస్టర్ టీకాలకు ఏ రోజు బయటికి పోతుందో ఆశ వర్కర్‌ను ముందే అడగండి.