పిచ్చుకకు ఏది మేలు: వరి కుచ్చా, చెక్క గూడా, గోరింట పొదా?

వరి కోతలయ్యాక మంచి కంకులు ఏరి, జడలా అల్లి, వసారా దూలానికి కుచ్చు కట్టడం మన పల్లెల్లో పాత అలవాటు. గుడి మండపాల్లోనూ కడతారు. ఇప్పుడు ఆ కుచ్చులు నగరాల్లోనూ అమ్ముతున్నారు, వాటితోపాటు చెక్క గూళ్లూ దొరుకుతున్నాయి. పిచ్చుకలు మళ్లీ రావాలని ఆశపడేవారు బాల్కనీలో ఏదో ఒకటి తగిలించి ఎదురుచూస్తారు. నెలలు గడిచినా ఒక్క పిట్టా వాలకపోతే మనసు చివుక్కుమంటుంది. ఈ రెండూ కాక మూడో దారి కూడా ఉంది. అది గుబురుగా పెరగనిచ్చిన పొద. మూడింటిలో ఏది మేలో తేల్చాలంటే ముందు పిచ్చుక బతుకు తెలియాలి.

ఊరపిచ్చుక మనిషిని వెతుక్కుంటూ వచ్చిన పక్షి. పశ్చిమాసియాలో వ్యవసాయం మొదలయ్యాక ధాన్యం చుట్టూ చేరి, పంట వెళ్లిన చోటికల్లా వెళ్లింది. మనుషులకు దూరంగా బతికే దాని దగ్గరి బంధువుల జన్యువులతో పోల్చి చూస్తే, పిండిపదార్థాన్ని అరిగించుకోవడానికి సంబంధించిన మార్పులు ఊరపిచ్చుకలో కనిపించాయి. మన తిండికి దాని ఒళ్లే అలవాటు పడిందన్నమాట. 1850ల్లో న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో కొన్ని పిచ్చుకలను వదిలితే, వాటి సంతతి కొన్ని దశాబ్దాల్లోనే ఉత్తర అమెరికాలో చాలా భాగానికి పాకింది.

ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించేది ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ముచ్చట. 1970ల్లో అక్కడి ఫ్రిక్లీ బొగ్గు గనిలో, భూమికి 640 మీటర్ల లోతున, కార్మికులు పెట్టే తిండితో పిచ్చుకలు ఏళ్లపాటు బతికాయి. ఒక జంట గూడు కూడా కట్టింది. పిల్లలు మాత్రం దక్కలేదు.

అసలు సంగతంతా అక్కడే ఉందని నా నమ్మకం. ఎక్కడైనా సర్దుకుపోయేది పెద్ద పిచ్చుక. పిల్లకు ఆ వెసులుబాటు లేదు. గుడ్డు పొదగడానికి 11 నుంచి 14 రోజులు, పిల్ల ఎగరడానికి మరో రెండు వారాలు. ఆ రెండు వారాల్లో, ముఖ్యంగా మొదటి కొన్ని రోజులు, దానికి పురుగే ఆహారం. పేనుబంక, గొంగళి పురుగులు, సాలీళ్లు, చిన్న మిడతలు కావాలి. గింజలతో ఆ వయసు పిల్ల పెరగదు. ఇంగ్లండ్‌లోనే లెస్టర్ నగరంలో గూళ్లను వరసగా గమనించినప్పుడు, పురుగులు దొరకక పిల్లలు గూటిలోనే చనిపోవడం బయటపడింది.

ఇక మొదట కుచ్చు. చూడముచ్చటైనది అదే, సందేహం లేదు. కంకిని పట్టుకుని తలకిందులుగా ఊగుతూ వడ్లు ఒలుచుకునే పిట్టను చూస్తే కలిగే ఆనందం ఏ పెట్టె దగ్గరా దొరకదు. కానీ అది పెద్దవాటి తిండి. అప్పటికే పిచ్చుకలు తిరిగే వీధిలో పెడితే మీ ఇంటికి వస్తాయి. లేని వీధికి కుచ్చు కోసం ఎక్కడినుంచో ఎగిరి రావు. ఊరపిచ్చుక సాధారణంగా పుట్టిన చోటికి ఒకటి రెండు కిలోమీటర్ల లోపే బతుకు వెళ్లదీస్తుంది.

చెక్క గూటి విషయం వేరు. పిచ్చుక గిజిగాడిలా అల్లికపనిది కాదు. దానికి ఒక సందు కావాలి. పెంకుటింటి చూరు, మట్టిగోడ కన్నం, దూలం మీది ఖాళీ, ఇలాంటి చోటును మగ పిచ్చుక ముందు ఎంచుకుని, గుమ్మంలో నిలబడి కిచకిచమంటూ ఆడ పిచ్చుకను పిలుస్తుంది. ఆ తర్వాత రెండూ కలిసి గడ్డి, దారప్పోగులు, ఈకలు చేరుస్తాయి. పెంకుటిళ్లు పోయి స్లాబు ఇళ్లు వచ్చిన పల్లెల్లో పురుగుకు కొరత లేదు, చూరుకే కొరత. అక్కడ మూడింటిలో చెక్క గూడే మేలు, నిస్సంకోచంగా చెబుతాను. అయితే కొలత సరిగా ఉండాలి. రంధ్రం 32 మిల్లీమీటర్లు చాలు. పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. రంధ్రం కింద పుల్ల బిగించకండి, పిచ్చుకకు అది అక్కర్లేదు, కాకికి ఆసరా అవుతుంది. మధ్యాహ్నపు ఎండ తగిలే పడమటి గోడ వద్దు. మన వేసవిలో పిల్లలు ఉడికిపోతాయి. పైగా ఇది గుంపు పక్షి కాబట్టి ఒక్కటి కన్నా దగ్గర దగ్గరగా రెండు మూడు పెట్టడం మంచిది.

నగరానికి వద్దాం. భారతదేశ పక్షుల స్థితిపై 2020లో వచ్చిన నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద ఊరపిచ్చుకల సంఖ్య సుమారుగా నిలకడగానే ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో, వాటిలో హైదరాబాద్ ఒకటి. చాలామంది సెల్ టవర్లను తప్పుపడతారు కానీ, దానికి గట్టి రుజువు లేదు. ఇంటిముందు మట్టి లేకుండా సిమెంటు పరిచి, ప్రహరీ వెంట ఆకు కనబడకుండా కత్తిరించి, మిగిలిన మొక్కలకు మందు కొడితే పురుగు ఎక్కడ పుడుతుంది? మందార మొగ్గకు పేనుబంక పట్టగానే మందు డబ్బా అందుకోవడం అక్షరాలా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఆ పేనుబంక ఏదో ఒక గూటిలో పిల్లకు మొదటి ముద్ద.

అందుకే నగరంలో నా ఓటు పొదకు. గోరింట, మందార, నిమ్మ, జాజి తీగ, ఏదైనా సరే గుబురుగా పెరగాలి. కింద గరిక ఉండాలి. పొదలో పురుగు పుడుతుంది, పిల్లికీ డేగకూ అందకుండా దాక్కునే చోటు దొరుకుతుంది, సాయంత్రం గుంపంతా చేరి కిచకిచలాడుతూ రాత్రికి ఒదిగే నీడ అవుతుంది. కుచ్చు ఇచ్చేది ఒకటే, పెట్టె ఇచ్చేది ఒకటే, పొద మూడు పనులు చేస్తుంది. దాని లోపం ఒకటుంది, ఓపిక పట్టాలి. ఎదగడానికి ఏడాది రెండేళ్లు పడుతుంది. అపార్ట్‌మెంట్లలో ఒక్కరి బాల్కనీ కుండీతో పని జరగదు, ప్రహరీ వెంట వరస నాటడానికి అందరూ ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం కుదర్చడం చెక్క గూడు కొనడం కన్నా కష్టమే, కానీ ఫలితం ఉండేది దానితోనే.

రెండూ వీలైనవారు ఈ వానలకే గోరింట కొమ్మలు నాటండి. పొద నడుము ఎత్తుకు వచ్చాక గోడకు గూళ్లు బిగించండి. పొద మొదట్లో చాపంత మేర పొడిమట్టి వదిలేస్తే పిచ్చుకలు అందులో పొర్లాడి ఒళ్లు దులుపుకుంటాయి. వరి కుచ్చు సంక్రాంతికి ఎలాగూ కడతారు.